కత్తిరించగా మిగిలిన ఫోటో

నాగజ్యోతి చేనిగట్టు ఎక్కేసరికి ఆమె గొంతే ఆమెకు ఎదురొచ్చింది.

“ఎవడ్రా అక్కడ! అడుగు ముందుకేశావా, చచ్చావే!”

మొక్కజొన్న నడుమ వెదురుకర్రకు కట్టిన మైకు అరుస్తోంది. దసరాకి ఆమె ఇంటికొచ్చినప్పుడు, అడవిపందుల్ని బెదరగొట్టడానికని తమ్ముడు కోటేష్ పట్టుబట్టి అరిపించి, ఆ అరుపును అందులోకి ఎక్కించాడు. ముసురుకి తడిసి కాస్త బొంగురుపోయినా అదే మాట మళ్లీ మళ్లీ అంటోంది. ఊళ్లో సగం మంది చేలోనే ఉన్నారు. దాన్ని ఆపాలన్న ధ్యాస ఒక్కరికీ లేదు.

మోటారు షెడ్డు పక్కన, మిరపకాయలు ఆరబోసుకునే నీలం పట్టా మీద కోటేష్‌ని పడుకోబెట్టారు. కళ్లు అరమోడ్చి, ఏదో కొంటెమాట అనబోయి ఆగిపోయినవాడిలా ఉన్నాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. చిన్నప్పటి నుంచీ అంతే, తొందరలో ఉంటే గుండీలు తప్పుతాయి.

“ఒరేయ్, లేవరా,” అంది నాగజ్యోతి. బడికి ఆలస్యమవుతుంటే లేపినట్టే అంది. “లే. ముసురులో ఏంది ఆ పడక.”

తల దగ్గర కూర్చున్న తల్లి హనుమాయమ్మ కదల్లేదు, ఏడవలేదు. కొడుకు జుట్టులో చిక్కుకున్న మొక్కజొన్న పీచును ఒక్కో పోగు తీస్తోంది. పక్క చేను కౌలుకు చేసే జాన్‌బీ వచ్చి నాగజ్యోతి భుజాలు పట్టుకుంది.

“మోటారు దగ్గరమ్మా,” అంది ఎవరూ అడక్కముందే. “స్టార్టరు పెట్టె మూత తీశాడంట. తడిచేతులాయె.”

నాగజ్యోతి తమ్ముడి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని తిప్పింది. అరచేతికి అడ్డంగా, బొటనవేలి మొదలు నుంచి అవతలి అంచుదాకా, ఒకటే నల్లటి చార. రెండో చెయ్యి తిప్పింది. అక్కడా అదే చార, అంతే వెడల్పు.

చారలు చూసి ఎవరిదేదో చెప్పడమే ఆమె ఉద్యోగం. బుద్ధి మొద్దుబారిపోయినా కళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. స్టార్టరు పెట్టె ఇట్టాంటి గీత గీయదు. ఇది గుప్పిట బిగించి పట్టుకున్న దేనిదో గుర్తు.

“అడుగు ముందుకేశావా, చచ్చావే!” అంది మైకు.

*

మార్కాపురంలో అడవిశాఖ ఆఫీసు వెనకాల పొడుగాటి గది ఒకటి ఉంది. పులుల గది అంటారు దాన్ని. నల్లమలలో బాటల వెంట చెట్లకు కెమెరాలు కడతారు. వెచ్చటి ఒళ్లున్నది ఏది ముందునుంచి పోయినా వాటంతటవే ఫోటో తీసుకుంటాయి. అందులోని కార్డులు ఆ గదికొస్తాయి. కణుజులు, ఎలుగులు, ముళ్లపందులు, తేనెకొచ్చిన చెంచులు, ఊరికే గాలికూగిన కొమ్మలు. వాటన్నిట్లోంచి పులిని ఏరి, అది ఏ పులో చెప్పాలి. మనుషుల్లో ఒకరి వేలిముద్ర ఇంకొకరికి ఉండనట్టే, ఒక పులి డొక్కమీది చారలు ఇంకో పులికి ఉండవు. అంతేకాదు, ఒకే పులికి ఎడమ డొక్క తీరు వేరు, కుడి డొక్క తీరు వేరు. అది తెలిసీ తెలియని కొత్తల్లో నాగజ్యోతి ఒకే పులిని ఎడమవైపు ఒకటిగా, కుడివైపు ఇంకొకటిగా లెక్కేసింది.

“నాగజ్యోతి గారూ, మీ లెక్కన మన నల్లమలలో పులులు ఒక్క వారంలో రెట్టింపయ్యాయండి,” అన్నాడు ఆ గదికి పెద్దయిన రామకాంత్. “ఢిల్లీకి ఫోన్ చేసి మిఠాయిలు పంపమందామా?”

సిగ్గుతో ఆమె ఆ రోజు అన్నం తినలేదు. తర్వాత మళ్లీ ఆ తప్పు చేయలేదు.

ఆ పనికి ఒక పద్ధతి ఉంది. ఫోటో తెరవగానే మౌసుతో పులి డొక్క చుట్టూ గీత గీసి ఆ ముక్క మటుకే కత్తిరించుకోవాలి. చెట్టు, రాయి, మబ్బు, నీడ అంతా అవతల పారెయ్యాలి. అవి ఉంటే కంప్యూటరు గడ్డిపరకను కూడా చార అనుకుంటుంది. కత్తిరించిన ముక్క ఇస్తే అది పాత పులుల్లో పోలికున్నవి కొన్ని చూపెడుతుంది. ఆపైన మనిషి కన్నే నిర్ణయించాలి. నాగజ్యోతి అందులో ఎంత మునిగిపోయేదంటే, ఇంటికొచ్చాక గోడమీద పడ్డ కిటికీ ఊచల నీడల్లో కూడా ఎడమా కుడీ వెతికేది.

ఆ ఉద్యోగానికి ముందు ఆమెకు ఒక పెళ్లయింది. సింగరాయకొండ సంబంధం. పెట్టె పట్టుకుని వెళ్లింది, రెండేళ్లకు అదే పెట్టె పట్టుకుని తిరిగొచ్చింది. ఎందుకొచ్చావని ఊరంతా అడిగింది. కోటేష్ ఒక్కడే అడగలేదు. బస్సు దిగేచోటికి ట్రాక్టరేసుకొచ్చి, “ఎక్కక్కా, మిరపనారు వాడిపోతంది,” అన్నాడు. అంతే. దారిపొడుగునా పురుగుమందుల ధరలు తిడుతూ వచ్చాడు. ఆ తిట్లు వింటూ ఆమె వాడికి కనపడకుండా ఏడ్చుకుంది.

పులుల గదిలో పని దొరికాక వాడికి అక్కను ఆటపట్టించడానికి కొత్త సరుకు దొరికింది.

“ఆ పులులకైతే ఫోటో చూసి జోడీలు చెప్తావు. నీ తమ్ముడికి ఒక్క సంబంధం చూడలేవా?”

“మిరపచేను చేసేవాడికి పిల్లనెవడిస్తాడ్రా. పులినైతే ఇప్పించగలను.”

“ఇప్పించు. కనీసం కట్నం తెమ్మని నువ్వు అడగవు.”

వాళ్ల చేను బోడగుట్టపాలెం చివర, గండ్లవాగు పక్కన. వాగు దాటితే అడవి. ఒకపక్క పత్తి, ఒకపక్క మిరప. ఈ ఏడు మిరపకు నల్ల తామరపురుగు కమ్మి పూతంతా రాలిపోయింది. కోటేష్ సగం చేను పీకేసి మొక్కజొన్న వేశాడు. కంకి పాలుపోసుకోగానే పందులు దిగాయి. మంగలిషాపు నుంచి జుట్టు తెచ్చి గట్లమీద చల్లాడు. పాతచీరలు చుట్టూ కట్టాడు. చీరలు చాలకపోతే నాగజ్యోతి తన పెట్టెలోంచి పెళ్లినాటి పసుపుచీర తీసి వాడి మీదికి విసిరింది. ఎర్రటి గుడి అంచు చీర.

“ఇదీ కట్టు. మొగుణ్ణి ఆపలేకపోయింది, పందుల్నన్నా ఆపుద్దేమో.”

హనుమాయమ్మ ‘అయ్యో, శుభమా అని’ అంటూ నోరు నొక్కుకుంది. అక్కాతమ్ముళ్లు మాత్రం కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నారు.

మైకు పెట్టింది ఆ తర్వాతే. అరవమన్న రోజున నాగజ్యోతి సందు చూసుకుని అడిగింది.

“ఊళ్లో కరెంటుతీగలు పెడుతున్నారంట పందులకి. నిజమేనా?”

“ఎవరో పెడతారు. నీ తమ్ముణ్ణి పోలీసుని చేస్తావా ఏంది?”

“వాటికి పులులు పడి చస్తున్నాయిరా. మనుషులు చస్తున్నారు. నువ్వుగానీ కట్టావని తెలిసిందో, నీ వీపు చీరేస్తా.”

“నాకెందుకక్కా తీగ. నీ గొంతు చాలు. పందులేంటి, నీ పులులు కూడా శ్రీశైలం దాటి పోతాయి.”

*

అప్పటికి పులుల గదిలో అందరికీ ఒకటే దిగులు. నిచ్చెనమ్మ కనపడటం లేదు.

అది ఆడపులి. ఎడమ డొక్కమీద రెండు నిలువు చారలు, వాటి మధ్య అడ్డపట్టీలు, ఎవరో అటకెక్కడానికి నిచ్చెన ఆనించినట్టుంటుంది. పైనుంచి మూడో మెట్టు విరిగి ఉంటుంది. ఆ పేరు పెట్టింది నాగజ్యోతే. వేసవిలో బరువైన కడుపుతో ఒక చెలమ దగ్గర కనిపించింది, ఆ తర్వాత ఏ కెమెరాలోనూ లేదు. తీగకు పడిందో, మందు పెట్టారో అని రామకాంత్ పైకి అనకపోయినా, కార్డు తెరిచిన ప్రతిసారీ వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడేవాడు.

ఇంతలో గండ్లవాగులో ఒక దూడను ఏదో చంపింది. రామకాంత్ ఒకే ఒక్క కెమెరా తీసుకెళ్లి వాగు గట్టున కట్టించాడు. మర్నాడు పొద్దున్నే, ముసురులోనే, వాచరు కార్డు తెచ్చాడు. వాయుగుండం. తెల్లవారకముందు వీచిన గాలికి కొమ్మలు విరిగి ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కరెంటు పోయిందని, తాను బురదలో బండి తోసుకుంటూ వచ్చానని వాచరు చెప్పుకున్నాడు. నాగజ్యోతి అది సగమే విన్నది.

ఫోటో తెరిచింది. తెలతెలవారుతున్న వెలుగు. పులి ఎడమ డొక్క తెర నడుమ నిండుగా కనిపిస్తోంది. గబగబా డొక్క చుట్టూ గీత గీసింది, కత్తిరించింది, మిగతాదంతా పోయింది. తెరమీద చారలే మిగిలాయి. ఒక నిలువు. ఇంకో నిలువు. పైనుంచి ఒక మెట్టు, రెండో మెట్టు, విరిగిన మూడోది.

“సర్!” అని అరిచింది. “నిచ్చెనమ్మే సర్! బతికే ఉంది!”

రామకాంత్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఎవరో పరిగెత్తి మిరపకాయ బజ్జీలు తెచ్చారు. ఆ సందడిలోనే నాగజ్యోతి వరండాలోకొచ్చి తమ్ముడికి ఫోన్ చేసింది. ఎవరికన్నా చెప్పుకోకపోతే ఆగలేని సంతోషం అది.

“ఒరేయ్, మా నిచ్చెనమ్మ బతికే ఉందిరా! మన వాగు గట్టు మీదే నడిచింది!”

“మన గట్టు మీదా? ఎప్పుడు?”

“ఇయ్యాళ తెల్లారుతుండగా. పిల్లలున్నాయేమో కూడా. మధ్యాహ్నం మావాళ్లొస్తన్నారు, అడుగులు చూడటానికి. నువ్వు ఒక్కడివే చేలోకి పోమాక.”

అవతల కోడి అరుపు వినపడింది.

“ఎప్పుడొస్తారు అక్కా?”

“అన్నాలు తిని బయల్దేరతారు. ఏం?”

“చేనంతా తిరుగుతారా?”

“నీ చేనెవడిక్కావాలిరా, పులడుగులు కావాలిగానీ.”

“నువ్వూ వస్తావా?”

“రానిస్తే రానూ? నిచ్చెనమ్మ నడిచిన చోటు నేను చూడొద్దూ?”

“సరే సరే, ఉంటా. బజ్జీలు తింటన్నట్టున్నావు, నోరు ఆడిస్తా మాట్లాడతన్నావు. నాకో రెండు దాచు.”

అదే ఆఖరి మాట. రెండు బజ్జీలు కాగితంలో చుట్టి ఆమె నిజంగానే సంచిలో పెట్టుకుంది. మధ్యాహ్నం ఆఫీసు జీపు ఎక్కబోతుండగా ఊరినుంచి ఫోనొచ్చింది. చేనిగట్టు ఎక్కి ఆ పట్టా పక్కన కూలబడ్డప్పుడు కూడా ఆ పొట్లం సంచిలోనే ఉంది.

*

పోలీసులొచ్చి మోటారు దగ్గర షాకని రాసుకుని వెళ్లారు. పెదకర్మదాకా నాగజ్యోతి ఊళ్లోనే ఉంది. ఇంటికి మనుషులొస్తున్నారు, పోతున్నారు. అందరూ ఒకటే మాట చెబుతున్నారు. మోటారు. స్టార్టరు పెట్టె. తడిచేతులు. వల్లెవేసిన పద్యంలా ఎక్కడా ఒక్క ముక్క తేడా లేదు.

ఒక సాయంత్రం ఆమె ఒక్కతే చేలోకెళ్లి స్టార్టరు పెట్టె ముందు నిలబడింది. మూత సందున కందిరీగ కట్టిన మట్టిగూడు ఉంది. ఎండి, రాయిలా గట్టిపడి, మూతనీ పెట్టెనీ కలిపి పట్టేసింది. ఎక్కడా బీటలు లేవు. ఆ మూత తీసి ఎన్నాళ్లయిందో.

ఆమె అక్కడే బురదలో కూర్చుండిపోయింది. వీళ్లంతా కూడబలుక్కుని అబద్ధం చెబుతున్నారు. తన తల్లి కూడా.

ఇంటికొచ్చి అడిగింది. “అమ్మా, కోటేష్ ఎట్టా పోయాడు?”

హనుమాయమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోస్తోంది. “చెప్పారుగా.”

“మూత తియ్యలేదమ్మా వాడు. చేతుల మీద ఆ చారలేంది? వాడేం పట్టుకున్నాడు?”

“పోయినోడు పోయాడు. ఎట్టా పోయాడో తెలిస్తే లేచొస్తాడా?”

“రాడు. నాకు తెలియాలి.”

“నీకు తెలియకపోతేనే మంచిది,” అంది తల్లి. ఎంత అడిగినా అంతకుమించి ఒక్క ముక్క రాలేదు.

ఆ రోజునుంచి ఆమెకు తిండి సయించలేదు. తమ్ముడు చచ్చిపోయాడన్నది ఒక దుఃఖం. ఎట్టా చచ్చిపోయాడో తనకు తప్ప ఊరందరికీ తెలుసన్నది ఇంకో దుఃఖం. రెండోది మొదటిదాన్ని పుండు ఆరనివ్వనట్టు గెలుకుతూనే ఉంది. కళ్లు మూసుకుంటే తమ్ముడి ముఖం రాదు. ఆ రెండు అరచేతులే వస్తాయి.

*

“ఇంకొన్నాళ్లు ఉండి రావాల్సిందండి,” అన్నాడు రామకాంత్, ఆమె మళ్లీ పులుల గదిలో అడుగుపెట్టినప్పుడు.

“ఇంట్లో ఏం తోచటం లేదు సర్. పని చెప్పండి.”

ఆయన కాసేపు తటపటాయించాడు. “నిచ్చెనమ్మ సంగతి పైకి రాయాలి. పిల్లలున్నాయా లేదా అనేది తేలలేదు. ఆ రోజు ఫోటోలో దాని వెనకాల ఏదన్నా కనపడుతుందేమో చూడగలరా? డొక్క ముక్క కాదు, మొత్తం ఫోటో. వద్దనుకుంటే ఇంకెవరికన్నా చెబుతాను.”

“నేనే చూస్తా.”

అసలు ఫోటో తెరిచింది. కత్తిరించనిది. ఆ పొద్దున ఆమె దాన్ని అరక్షణం కూడా చూసి ఉండదు. ఇప్పుడు తెరనిండా వాగు గట్టు, తడిసిన తుంగ, బూడిదరంగు మబ్బు, మధ్యలో నిచ్చెనమ్మ. తోక దగ్గర వెతికింది. తుంగలో రెండు చిన్న చెవులు. ఒక పిల్ల. దాని పక్కన ఇంకొకటి, వీపు మటుకే. పిల్లలు! ఎన్నాళ్లకో పెదవి మీదికి ఏదో రాబోయింది.

ఆ పిల్ల చూస్తున్న వైపుకు ఆమె చూపు కూడా జరిగింది. ఫోటో కుడి అంచున ఏదో పసుపుపచ్చటిది వేలాడుతోంది. పెద్దది చేసింది. తడిసి బరువెక్కిన గుడ్డ. దాని కింద ఎర్రటి అంచు, అంచుమీద వరసగా గుడిగోపురాలు.

తన పెళ్లిచీర.

అది తమ చేను. తెలిసిందే కదా, తమ గట్టే కదా అనుకుంది. అనుకుంటూనే ఇంకాస్త పెద్దది చేసింది. చీర కట్టిన కర్రకు మోకాలెత్తున ఒక ఖాళీ సీసా తలకిందులుగా దిగ్గొట్టి ఉంది. ఆ సీసా మెడనుంచి వెంట్రుకంత సన్నటి మెరుపు ఒకటి బయల్దేరి, తుంగమీదుగా, పక్క కర్రకున్న సీసాదాకా పోయింది. అక్కడినుంచి ఇంకో కర్రకు. అక్కడినుంచి నిచ్చెనమ్మ పొట్ట కిందుగా, ఫోటో ఈ చివరిదాకా. వానచుక్కలు దానిమీద పూసల్లా నిలబడి ఉన్నాయి.

తీగ.

పులి దాన్ని దాటుతోంది. ముందరికాళ్లు అవతల, వెనకకాళ్లు ఇవతల. పొట్ట కింది బొచ్చు దానికి తగులుతోంది. తగులుతున్నా దానికేమీ కాలేదు. కరెంటు లేదు. ఆ తెల్లవారుజామున కరెంటు పోయిందని వాచరు చెప్పనే చెప్పాడు.

నాగజ్యోతి తన రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది. గాలిలోనే గుప్పిళ్లు మూసింది. తీగ చుట్టేవాడు రెండు చేతులతోనూ ఇట్టాగే పట్టుకుంటాడు. కరెంటు లేదు కదా అని పైన లైనుకు తగిలించిన కొక్కెం తియ్యకుండానే చుట్టడం మొదలుపెడతాడు. సగంలో కరెంటొస్తుంది.

ఎందుకు చుట్టాలి, పట్టపగలు, ముసురులో? మధ్యాహ్నం మావాళ్లొస్తన్నారు. నువ్వూ వస్తావా? రానిస్తే రానూ.

కుర్చీ వెనక్కి పడ్డ చప్పుడుకి గదిలో అందరూ తిరిగారు. రామకాంత్ పరిగెత్తుకొచ్చాడు. ఆమె తెరవైపు వేలు చూపించింది. ఆయన వంగి చూసి, “పిల్లలు! రెండూ ఉన్నాయి!” అన్నాడు.

ఆమె వేలు దించలేదు. ఆ వేలి వెంట ఆయన చూపు మెల్లగా కుడి అంచుకు జరిగి, కర్రనుంచి కర్రకు పాకి, ఆగిపోయింది.

“ఇది నా తమ్ముడి చేను సర్,” అంది. “ఆ చీర నాది. ఆ పొద్దున ఇది నా కళ్లముందే ఉంది. అప్పటికి వాడు బతికే ఉన్నాడు. నేను… నేను కత్తిరించి పారేశాను.”

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇన్నాళ్లూ ఊరందరినీ అడిగింది. జవాబు తన బల్లమీదే ఉంది.

రామకాంత్ తెరమీంచి చూపు తిప్పుకున్నాడు. “మీరొక్కరే కాదండీ. మొత్తం ఫోటో ఆ రోజు నేనూ తెరిచాను. నేనూ పులినే చూశాను.”

ఆయన పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఈ ఫోటో పైకి పంపకుండా ఆపేస్తానండీ. పిల్లలున్నాయనడానికి వేరే ఫోటో దొరుకుతుంది.”

“ఆపొద్దు సర్,” అంది నాగజ్యోతి. “ఈసారి ఏమీ కత్తిరించకుండా పంపండి.”

*

ఆమె బస్సు దిగి నేరుగా చేలోకి నడిచింది. జాన్‌బీ తన పత్తిచేలో ఒడి కట్టుకుని పత్తి తీస్తోంది. నాగజ్యోతి ముఖం చూడగానే ఆమె చేతిలోని పత్తి కింద రాలిపోయింది.

“అత్తా, తీగ ఎక్కడ దాచారు?”

జాన్‌బీ అబద్ధమాడలేదు. “పాడుబావిలో వేశాం బిడ్డా. సీసాలు కూడా. కేసవుద్దని, పేరు పోద్దని, మీ అమ్మ కాళ్లావేళ్లా పడింది. నువ్వు ఆ ఆఫీసులోనే పనిచేస్తివి, నీ ఉద్యోగం ఏమవుద్దోనని.”

“మీ చేలో లేదా?”

జాన్‌బీ చీరకొంగుతో ముఖం తుడుచుకుంది. “రాత్రంతా కాపలా కాసి పగలంతా పత్తి తియ్యాలంటే మనిషి ఎన్నాళ్లు బతుకుద్ది? ఈ వాగు పొడుగునా అందరూ కడతారు. సందేళ తగిలిస్తాం, తీరితే తెల్లారి తీస్తాం, లేకపోతే అట్టానే ఉంటది.”

ఇంటికెళ్లేసరికి హనుమాయమ్మ వసారాలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. కూతురు ఎదురుగా కూర్చుంది. తల్లి ఒక్కసారి తలెత్తి చూసి, తెలిసిపోయిందని గ్రహించింది. చేతులు ఆగిపోయాయి.

“ఆ పొద్దున ఏమన్నాడమ్మా?”

“నీ ఫోనొచ్చింది. ఉన్నట్టుండి లేచాడు. అన్నం తిని పోరా అంటే, వాళ్లొచ్చేలోగా చుట్టేసి వస్తానే అన్నాడు. అన్నం పెట్టి ఉంచు, ఇట్టా పోయి అట్టా వస్తా అన్నాడు.” ఆమె చేతిలోని ఈనెను రెండుగా విరిచింది. “ఆఫీసరోళ్లకి భయపడుతున్నావా అన్నాను. వాళ్లెవరే అన్నాడు. అక్క చూసిందంటే నా వీపు చీరేసుద్ది, ఇంక ఈ జన్మకి నాతో మాట్లాడదు అన్నాడు. నవ్వుకుంటానే పోయాడమ్మా. గుండీలు కూడా సరిగా పెట్టుకోలా.”

నాగజ్యోతికి అర్థమైంది. వాడు భయపడింది తన కంటికి. ఆ కంటికి అంతా ముందే కనిపించింది, అయినా అది చూడలేదు. ఆ మాట తల్లితో అందామని నోరు తెరిచింది. అనకుండానే తల్లి చేతిలోంచి చింతపండు తీసుకుని, ఈనెలు తీయడం మొదలుపెట్టింది. చాలాసేపు ఇద్దరూ అదే పనిచేశారు.

దూరంగా చేలోంచి మైకు అరుపు గాలికి వచ్చింది. ఎండకు దానంతటదే బ్యాటరీ నింపుకుంటోంది. ఎవరూ ఆపలేదు.

*

వారం తిరక్కుండానే గండ్లవాగునుంచి మళ్లీ కార్డులొచ్చాయి. ఈసారి కెమెరాలు రెండు వైపులా ఉన్నాయి. నాగజ్యోతి మొదటి ఫోటో తెరిచింది. మధ్యలో ఏదో పెద్ద చారల ఒళ్లుంది. దాన్ని చూడలేదు. ఎడమచేతి మూలనుంచి మొదలుపెట్టి, గట్టు వెంట, తుంగ వెంట, కర్ర కర్రా చూసుకుంటూ పోయింది. ఆమె వేలు కలంలా తెరకు ఆనించి ఉంది.

పైమూల దగ్గర ఆగిపోయింది. తెల్లటి పత్తి. దాని ముందు వరసగా సీసాలు. సీసానుంచి సీసాకు సన్నటి మెరుపు.

కంప్యూటరు అలవాటుగా కత్తిరించమని గీత చూపించింది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. అక్కడినుంచే, లేవకుండానే, ఫోన్ తీసింది.

“జాన్‌బీ అత్తా, నాగజ్యోతిని. ఎక్కడున్నావు?”

“చేలోనేనమ్మా. ఏంది అట్టా ఉంది గొంతు? ఆఫీసోళ్లొస్తన్నారా? ఉండు, ఉండు, ఇప్పుడే పోయి తీసేస్తా…”

“అత్తా!” నాగజ్యోతి అరిచింది. పులుల గదంతా ఉలిక్కిపడింది. మైకులో అరిచినంత గట్టిగా అరిచింది. “అడుగు ముందుకెయ్యమాక! ఎవరూ రావటం లేదు. ఎవరూ నిన్నేమీ అనరు. ఉన్నచోటే నిలబడు.”

“నిలబడ్డాను. నిలబడ్డాను బిడ్డా.”

“కరెంటుందా?”

“లేనట్టుంది. మోటారు ఆగింది.”

“లేదనుకోమాక. ఎండిన వెదురుకర్ర తీసుకో. చెప్పులేసుకో. ముందు పోయి పైన కొక్కెం తోసెయ్యి. తీగ మాత్రం ముట్టుకోమాక. నేను ఫోన్ పెట్టను, వింటంటా.”

అవతల పత్తికట్టెలు కాళ్లకు రాసుకున్న చప్పుడు. రొప్పు. కర్ర దేనికో తగిలిన శబ్దం, మళ్లీ ఇంకోసారి. రామకాంత్ వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. ఏ పులి అని అడగలేదు.

“పడిందమ్మా,” అంది జాన్‌బీ. “కొక్కెం కింద పడింది.”

“చూశావా? నీ కళ్లతో చూశావా?”

“చూశాను తల్లీ. నా కాళ్లముందే ఉంది.”

నాగజ్యోతి ఫోన్ చెవికి అట్టాగే పట్టుకుని ఉండిపోయింది. చాలాసేపటికి, తెరమీది పెద్ద చారల ఒంటి వైపు తలతిప్పింది.